చెప్పుల ఉయ్యాల

ఆ రోజుల్లో హైదరాబాదు శివారులో కొత్తగూడ అంటే బండరాళ్లు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్లు. ఇప్పుడు అదే చోట ఫ్లైఓవర్ కింద కారులో ఇరుక్కుపోయి, ముందు బండి ఎప్పుడు కదులుతుందా అని కూర్చున్నప్పుడు, ఒకప్పుడు ఇక్కడే చంకలో చెక్కలు పెట్టుకుని సెవెన్ సీటర్ ఆటో కోసం నిలబడ్డ ఒక బక్కపలచని అమ్మాయి గుర్తొస్తుంది. ఆ అమ్మాయి నేనేనని చెప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గు, కొంచెం ముచ్చట. ఏ పనైనా నేర్చుకోకుండానే చేసేయొచ్చని మనసారా నమ్మే వయసు ఒకటి ఉంటుంది. ఆ వయసులో నా చేతికి దొరికింది చెక్క. (వంట దొరికి ఉంటే ఇంట్లో వాళ్లు ఇంకా ఎక్కువ కష్టపడేవాళ్లు, కాబట్టి జరిగిందంతా మంచికే.)

నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఒక చిన్న కంపెనీ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి వందేళ్లు వెనక్కి వెళ్లిపోతాయని లోకమంతా బెంగపెట్టుకున్న కాలం అది. మా పనల్లా పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం ఎక్కడ రెండంకెలుగా ఉందో వెతికి నాలుగంకెలు చేయడం. "ఇంతకీ నువ్వు ఆడ ఏం పని చేస్తావే?" అని అక్క అడిగితే, "సంవత్సరం ముందు పందొమ్మిది చేరుస్తానక్కా" అన్నాను. "దానికి ఇంజనీరింగు చదవల్నా?" అంది. నాకూ అదే అనుమానం. చేసింది కంటికి కనబడదు, చేతికి తగలదు. పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మేం చేసిన పనికి రుజువు. సాయంత్రం ఇంటికొస్తుంటే చేతులు ఖాళీగా ఉన్నట్టు అనిపించేది.

నిజానికి ఆ ఏడాది మా ఇంట్లో అందరిదీ అదే ఉద్యోగం, ఏమీ జరగకుండా చూసుకోవడం. అక్క కడుపుతో ఉంది. మాది ప్రొద్దుటూరు. నేను చదువు రోజుల నుంచీ అక్కాబావల దగ్గరే, కొత్తగూడలో ఒక కిరాయి ఇంటి కింది వాటాలో ఉండేదాన్ని. బావ మియాపూర్ వైపు ప్లాట్లు అమ్మిపెట్టేవాడు, ఏ వస్తువును చూసినా ముందు అది ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసేవాడు. అంతకుముందు ఏడాది కూడా అక్కకు నెల తప్పింది. బావ సంతోషం పట్టలేక చందానగర్ బజారుకెళ్లి అప్పుడే ఒక ఇనుప ఉయ్యాల కొనుక్కొచ్చాడు, గులాబీ రంగుది. ఐదో నెలలో ఆ బిడ్డ నిలవలేదు. అక్క ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఉయ్యాల ముందు గదిలో అలాగే ఉంది. తీసేయాలని మాలో ఎవరికీ తట్టలేదు. అక్క దాన్ని చూసి, లోపలికెళ్లి పడుకుంది. మర్నాడు బావ దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. ఆ తర్వాత ఉయ్యాల అనే మాటే మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఈసారి ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో పురిటికి ప్రొద్దుటూరు కూడా పంపలేదు. బిడ్డ కోసం ఒక జుబ్బా కొనలేదు, ఒక గుడ్డ కుట్టలేదు. పుట్టకముందే ఏదీ కొనిపెట్టకూడదని మా వైపు మామూలుగానే అంటారు. మా ఇంట్లో మాత్రం అది ఆచారం కాదు, భయం.

మా ఆఫీసుకు కంప్యూటర్లు చెక్క చట్రాల మీద వచ్చేవి. వాటిని ప్యాలెట్లంటారని తర్వాత తెలిసింది, మా స్టోర్సులో ప్యాకింగ్ చెక్క అనేవాళ్లు. పెట్టెలు లోపలికి పోయాక ఆ చట్రాలను భవనం వెనక రాళ్ల పక్కన పడేసేవాళ్లు, వాచ్‌మన్ వాటిని విరిచి నీళ్లు కాచుకునేవాడు. ఒక మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని అటు వెళ్లాను. వాన పడి వెలిసింది. ఆ చెక్క లేత పసుపు రంగులో, సాంబ్రాణి లాంటి వాసనతో ఎంతో బాగుంది. ఎక్కడి అడవిలోదో, ఏ సముద్రం దాటి వచ్చిందో, వచ్చి వచ్చి చివరికి పొయ్యిలోకి పోతోంది. ఒక పలక మీద నల్లటి ముద్రలున్నాయి: పైకి చూసే బాణం, గొడుగు, ఒక గాజు గ్లాసు. లోపల పగిలే వస్తువుంది, జాగ్రత్త అని ఆ గ్లాసుకు అర్థం. దాన్ని చూస్తూ నిలబడ్డప్పుడే నాకు ఉయ్యాల తట్టింది. కొనకూడదన్నారు గానీ చేయకూడదని ఎవరూ అనలేదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. బిడ్డ క్షేమంగా వచ్చేదాకా అదేమిటో ఎవరికీ చెప్పను, వచ్చాక తెచ్చి ముందు పెడతాను. నా ప్లాను అంతే. ఉయ్యాల ఎలా చేస్తారన్నది ప్లానులో లేదు.

చెక్కలు కావాలంటే స్టోర్సు గారిని అడగాలి. (ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, మేమెవరమూ వాడలేదు.) భీమవరం వైపు మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. "తీసుకెళ్లండమ్మా, దానికేం భాగ్యం! పొయ్యిలోకేనాండీ?" అన్నారు. ఔనంటే సులువుగా పోతుందని ఔనన్నాను. ఇక రోజూ సాయంత్రం దొరికినన్ని పలకలు చంకన పెట్టుకుని ఆటో ఎక్కేదాన్ని. పక్కవాళ్ల మోకాళ్లకు తగిలేవి. "చెక్కకు గూడ సీటు తీస్కో మేడం, మనిషంత జాగ వట్టింది" అని ఆటో ఆయన ఒకరోజు ఖరాఖండీగా చెప్పాడు.

అసలు బాధంతా మేకులతో. ప్యాలెట్ మేకులకు ఒళ్లంతా మెలికలుంటాయి, వాటికి దిగడమే గానీ బయటికి రావడం తెలియదు. గట్టిగా లాగితే చెక్క చీలుతుంది, మెల్లగా లాగితే ఆదివారం అయిపోతుంది. కొత్తగూడ చౌరస్తాలో ఇనుప సామాన్ల కొట్టాయన మేకులను మొలలనేవాడు. "పాత మొలలు తియ్యనీకె మంచి పట్కారు గావాలె" అని నాకు పటకారు అమ్మింది ఆయనే. పటకారుతో పాటు ఆ మాటా నాకు అలవాటైంది. ఒక సోమవారం నడుం పట్టేసి కుర్చీలో వంకరగా కూర్చుని ఉంటే స్టోర్సు గారు చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగారు. "మొలలండీ. నిన్నంతా వాటితోనే సరిపోయింది. ప్రాణం తీస్తున్నాయి" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన ఊళ్లో ఆ మాటకు ఒకటే అర్థం. (ఆపరేషన్ లేకుండా నయం చేస్తామని గోడల మీదా, బస్టాండుల్లోనూ రాసి ఉంటుందే, అది.) "అయ్యో, ఈ వయసులోనేనాండీ" అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు. మర్నాడు నా బల్ల మీద ఒక మజ్జిగ సీసా, నా కుర్చీలో మెత్తటి దిండు ఉన్నాయి. "కారం తగ్గించండమ్మా, అదే సర్దుకుంటుంది" అన్నారు, నా వైపు చూడకుండా. ఎంత మంచి మనిషో అనుకుని రోజూ ఆ మజ్జిగ తాగాను. ఆ మర్యాదంతా ఎందుకో నాకు తెలిసేసరికి ఆయన రిటైరైపోయారు.

డాబా మీద నా కార్ఖానా. ఒక సుత్తి, పటకారు, సరిగ్గా తెగని రంపం, గరుకు కాగితం. పై వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది, అంటే నేను సరిగ్గా ఆమె నెత్తిన కొడుతున్నానన్నమాట. రెండో ఆదివారం ఆమె మెట్లెక్కి వచ్చింది. "ఏంది బిడ్డా, గిట్ల కొడుతున్నవ్? ఇల్లు కూలగొడ్తవా ఏంది? అసలేం జేస్తున్నవ్?" ఉయ్యాలన్న మాట నోట్లోంచి రాకూడదు. తల దించుకుంటే ఆమె కాళ్లు కనిపించాయి, కాళ్లకు చెప్పులు కనిపించాయి. "చెప్పుల స్టాండు" అన్నాను. ఆమె నా చుట్టూ పరిచి ఉన్న చెక్కలను చూసి, "గింత పెద్దదా? ఎన్ని జోళ్లున్నయ్ మీకు?" అంది. అక్కకు చెప్పులంటే ప్రాణమని చెప్పాను. "సరే తియ్, జర మెల్లగ కొట్టు. మా ఆయన పండుకున్నడు" అని దిగిపోయింది. సాయంత్రానికి ఇల్లంతా తెలిసిపోయింది. బావ అన్నం తింటూ, "ఇంజనీరమ్మా, చెప్పుల స్టాండు చేస్తాండావంట. యాడన్నా పెట్టు గానీ ఈశాన్యంలో మాత్రం పెట్టొద్దు" అన్నాడు. అక్క నా చేతుల మీది బొబ్బలు చూసింది.

ఆ వస్తువు ఎలా తయారైందంటే, ముందుకీ వెనక్కీ కటకటాల్లా బద్దలు, తల వైపూ కాళ్ల వైపూ పలకలు, కింద ఊగడానికి రెండు వంపు చెక్కలు. ప్యాలెట్ అడుగున మందపాటి చెక్కకు ముందే ఒక వంపు కోసి ఉంటుంది కదా, సగం పని కలిసొచ్చిందని సంబరపడి దాన్నే బిగించాను. బిగించాక తెలిసింది, ఊగాలంటే వంపు బయటికి ఉండాలి, అది లోపలికి ఉంది. మళ్లీ ఊడదీసి, రంపంతో నేనే కోశాను. రెండూ ఒకేలా రాలేదు. పొడుగుదాన్ని కొంచెం చెక్కితే అది పొట్టిదయ్యేది, అప్పుడు రెండోదాన్ని చెక్కాల్సి వచ్చేది. ఇలాగే పోతే ఉయ్యాల నేలకు అతుక్కుంటుందని భయమేసి ఆపేశాను. చివరికి అది ఊగేది కాదు, ఒక పక్కకు కుంటేది. గ్లాసు బొమ్మ ఉన్న పలకను తల వైపు పెట్టాను. బద్దలన్నిటినీ గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఎక్కడా పేడు గుచ్చుకోదు కదా అని చెంప ఆనించి చూసుకునేదాన్ని. ఒకసారి బట్టలారేయడానికి వచ్చిన ఓనరమ్మ అది చూసి, "చెప్పుల స్టాండుకు ముద్దువెడ్తున్నవా బిడ్డా?" అని అడిగింది. నున్నగా ఉండకపోతే చెప్పులు పాడవుతాయన్నాను.

ఒకరోజు వాన ముంచుకొస్తే బావ, నేను కలిసి దాన్ని కిందికి దించి వరండాలో గుమ్మం పక్కన పెట్టాం. మర్నాడు పొద్దున తలుపు తీసి చూద్దును కదా, దానిలో అక్క చెప్పులు! తీసి కింద పెట్టి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి అక్క చెప్పులు, బావ బూట్లు, ఎప్పుడో తెగిపోయిన నా స్లిప్పర్లు కూడా దానిలో వరసగా కూర్చుని ఉన్నాయి. బావ బూట్ల బరువుకు అది ఒక పక్కకు వంగి వచ్చేపోయేవాళ్లకు దణ్ణం పెడుతోంది. రోజూ పొద్దున నేను తీయడం, సాయంత్రానికి అవి మళ్లీ ఎక్కి కూర్చోవడం. వద్దని చెబుదామంటే ఎందుకు వద్దో చెప్పాలి. బావే పెడుతున్నాడని నా కోపమంతా ఆయన మీద. ఆయనకేమో వేరే బాధ. "స్టాండు బాగుంది గానీ, దాని మీద ఈ మందు గ్లాసు బొమ్మేందబ్బా? వచ్చినోళ్లు నా గురించి ఏమనుకుంటారు?" అని, వచ్చిన ప్రతివాళ్లకూ అది తన గ్లాసు కాదని చెప్పుకునేవాడు.

నెలలు నిండుతున్నాయనగా అమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. ఆ చివరి రోజులు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. అక్క మంచినీళ్లు అడిగినా అందరం ఒకేసారి లేచేవాళ్లం. నాకు ఆఫీసులో అంకెలు కనిపించేవి కావు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు, ఇంటి దగ్గర వరండాలో ఉన్న ఆ వస్తువు గుర్తొచ్చింది. అంత చెప్పినా వినకుండా దాన్ని ఎందుకు చేశాను, ఈసారి కూడా ఏదైనా అయితే దానికి నేనే కారణమని అక్క అనుకుంటుందేమో, అక్క అనుకోకపోయినా నేను అనుకుంటానని భయం. చదువుకున్నదాన్ని, కంప్యూటర్ల భయాలు పోగొట్టే ఉద్యోగం చేస్తున్నదాన్ని. అక్కడ మాత్రం కనబడిన దేవుళ్లందరికీ దండాలు పెట్టాను. నర్సు బయటికొచ్చి ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని చెప్పింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బావ స్వీట్లు తెస్తానని పరుగెత్తి, రోడ్డు దాటాక గానీ తన కాళ్లకు చెప్పుల్లేవని చూసుకోలేదు.

పేరు పెట్టే రోజు వచ్చింది. అమ్మ తన పాత చీరతో దూలానికి ఉయ్యాల కట్టింది. నా ఆశ నాది. పొద్దున్నే నా ఉయ్యాలను పసుపు నీళ్లతో కడిగి, తుడిచి, మామిడాకులు కట్టి అందరి ముందుకూ తెచ్చి పెట్టాను. "ఇది చెప్పుల స్టాండు కాదు, ఉయ్యాల. పాప కోసం చేశాను" అన్నాను. అమ్మకే ముందు నోరు పెగిలింది. "చెప్పులు పెట్టిండే దాంట్లో బిడ్డను పండబెట్టల్లా? నీకేమన్నా మతి ఉండాదా?" బావ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. ఓనరమ్మ బుగ్గన వేలు పెట్టుకుని, "నాకు గప్పుడే అనుమానమొచ్చింది. చెప్పుల స్టాండుకు ఎవరన్న చెంప ఆనిస్తరా?" అంది. నేను వంటింటి వెనక్కి వెళ్లి కూర్చుని బాగా ఏడ్చాను.

భోజనాలయ్యాక అక్క పిలిచింది. గదిలో పాప నిద్రపోతోంది. "ఎందుకు ఏడుస్తాండావే?" అంది. "నీకేం తెలుసు! ఎంత కష్టపడి చేశానో. తీసేకొద్దీ ఆ చెప్పులు..." నా మాట పూర్తి కాలేదు. "అవి పెట్టింది నేనేలే" అంది అక్క. నేను నోరు తెరిచి చూస్తుంటే మెల్లగా నవ్వింది. "చూస్తానే తెలిసిపోయ అదేందో. చెప్పుల స్టాండుకు కటకటాలెందుకే? చెప్పులేమన్నా నిద్దర్లో దొర్లి కింద పడ్తాయా?" తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. పాప మీది గుడ్డ సర్దుతూ అంది: "పొద్దున లేసి వాకిలి తీస్తే ఎదురుగా ఖాళీ ఉయ్యాల. నేను చూడలేకపోతినే. తీసేయమందామంటే నీ చేతుల నిండా బొబ్బలు. అందుకని నా చెప్పులు తెచ్చి పెట్టినా. మీ బావను గూడా దాంట్లోనే పెట్టమంటి. నువ్వు తీసేస్తాంటే మళ్ల పెడ్తాంటి. ఏదో ఒకటి, అది నిండుగా కనబడితే నాకు చాలనుకుంటి."

అన్ని నెలలు నేను చెప్పులు తీస్తున్నాననుకున్నాను. నేను చేస్తున్నది రోజూ పొద్దున్నే అక్క ముందు ఖాళీ ఉయ్యాల పెట్టడం. నిండు మనిషి, నడుం వంచలేనిది, మళ్లీ మళ్లీ వంగి ఒక్కో జత దానిలో సర్దుకుంది, నన్ను ఒక్క మాట అనకుండా.

అది వరండాలోనే ఉండిపోయింది, చెప్పులూ ఉండిపోయాయి. పాప దోగాడే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎక్కడా కనబడక అందరం వెతికాం. చూస్తే వరండాలో, నా ఉయ్యాల మధ్యలో, చెప్పుల నడుమ కూర్చుని బావ చెప్పు వారు నములుతోంది. అది ఊపుకొకసారి కుంటుతూ ఊగుతోంది, కుంటినప్పుడల్లా పాప కిలకిలా నవ్వుతోంది. అమ్మ "శివశివా" అంటూ పరుగెత్తింది. "ఉండనీమ్మా, కొంచేపు ఉండనీ" అంది అక్క. గుమ్మంలో కూర్చుని, ఒక వేలితో దాన్ని తనే ఊపింది.

అప్పటి నుంచి మా ఇంట్లో చెప్పుల స్టాండును ఉయ్యాలనే అంటాం. "చెప్పులు ఉయ్యాల్లో పెట్టి రండి" అంటే కొత్త చుట్టాలు గుమ్మంలో ఆగిపోతారు. పాప బడికెళ్లే వయసులో పక్కింటికి వెళ్లి, "ఆంటీ, మీ చెప్పులకు ఉయ్యాల లేదా?" అని జాలిపడిందట. ఇప్పుడది మియాపూర్‌లో అక్కవాళ్ల ఫ్లాటు తలుపు పక్కన ఉంది (ఈశాన్యం కాదు, బావ చూసుకున్నాడు). గ్లాసు బొమ్మ సగం చెరిగిపోయింది. మొన్న వెళ్లినప్పుడు దాని వంకర బద్దలు చూసి, ఏదీ రాకుండానే అన్నీ వచ్చనుకున్న ఆ పిల్ల మీద నవ్వొచ్చింది. ఇప్పుడు నాకు కొన్ని పనులు వచ్చు, ఆ ధైర్యం మాత్రం లేదు. చెప్పులు విడిచి, పాప హైహీల్సు పక్కకు జరిపి పెట్టాను. ఉయ్యాల ఎప్పటిలాగే నా వైపు కుంటింది. లోపల్నుంచి అక్క, "ఉయ్యాల్లో చోటుందా, నిండిందా?" అని కేకేసింది.

"నిండిందక్కా" అని లోపలికి వెళ్లాను.